రా... రమ్మనే బొగ్గుబాయి!

ఇంటి నుంచి పనికి అలవాటుపడ్డ ఉద్యోగుల్ని మళ్లీ ఆఫీసుకు రప్పించడానికి హైటెక్ కంపెనీలు సోఫాలు వేస్తున్నాయి, కాఫీ మిషన్లు పెడుతున్నాయి. గోదావరిఖనికి ఈ తంటా కొత్తది కాదు. అక్కడ దాని పేరు ‘నాగా’. మరి, భూమికి వందల మీటర్ల అడుగున ఉన్న ‘ఆఫీసు’కు రావాలని మనిషికి అనిపించేదెలా?

ఉదయం ఆరు దాటింది. గోదావరిఖని చౌరస్తాలో చాయ్ కొట్లు అప్పటికే కిటకిటలాడుతుంటాయి. ఫస్ట్ షిఫ్టు వాళ్ల బైకులు ఒక్కొక్కటిగా గనుల దారి పడతాయి. సరిగ్గా ఆ వేళకే తిలక్‌నగర్‌లోనో, యైటింక్లయిన్ కాలనీలోనో ఏదో ఒక క్వార్టర్లో ఇంకా దుప్పటి తీయని మనిషి ఒకరుంటారు. ‘ఏందయ్యా, బాయికి పోవా? ఇయ్యాల గూడ నాగానేనా?’ వంటింట్లోంచి వినిపించే ఈ ప్రశ్న కోల్‌బెల్టులో తరాలుగా నలుగుతున్నదే.

బాయి అంటే బొగ్గు గని. పల్లెల నుంచి పనికొచ్చిన జనం తమ చేలల్లోని బావిని పిలిచే పేరుతోనే దీన్నీ పిలిచారు. నాగా అంటే పనికి ఎగనామం. హాజరు పడితే ‘మస్టరు’ పడిందంటారు. సింగరేణి ఇంటికి కొత్తగా వచ్చిన కోడలికి ఈ మూడు మాటలూ ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తాయి. ఆ ఇంటి లెక్కలన్నీ మస్టర్ల మీదే కదా నడిచేది!

ఆ లెక్కేమిటో చూడండి. కోల్‌బెల్టు దశాబ్దాలపాటు నడిచిన 1952 నాటి గనుల చట్టం ప్రకారం భూగర్భంలో పనిచేసే వ్యక్తి ఏడాదిలో 190 రోజులు హాజరైతేనే జీతంతో కూడిన సెలవులకు అర్హుడు. ఉపరితలంలో పనిచేసేవారికి అదే లెక్క 240 రోజులు. కింద పనిచేసేవారికి 15 రోజులకో సెలవు, పైన వాళ్లకు 20 రోజులకొకటి. కిందికి దిగే పని ఎంత కష్టమో చట్టం రాసినవాళ్లకూ తెలుసన్నమాట. అందుకే ‘నూటతొంభై మస్టర్లు’ అన్న మాట ఖనిలో చిన్నపిల్లలకు కూడా కంఠతా. ఇక ఏడాదికి వంద మస్టర్లయినా లేవంటే ఛార్జిషీటు, విచారణ, చివరికి డిస్మిస్. అదే జరిగితే జీతంతోపాటు క్వార్టరూ, ఏరియా ఆసుపత్రి వైద్యమూ, రేపు కొడుక్కో కూతురికో రావాల్సిన ఉద్యోగమూ పోతాయి. ఇంటిల్లిపాదీ రోడ్డున పడ్డట్టే.

నాగాలను తగ్గించడానికి సింగరేణి వాడని మందు లేదు. మస్టర్లు తగ్గినవాళ్లను భార్యాబిడ్డలతో సహా పిలిపించి కౌన్సెలింగ్ చేస్తారు. తాగుడు మానమంటారు, పిల్లల చదువులు గుర్తుచేస్తారు. మరోవైపు ఆశ కూడా చూపిస్తారు. కంపెనీ లాభాల్లో కార్మికులకు వాటా 1999-2000లో 10 శాతంతో మొదలై, 2024-25 లాభాల మీద 34 శాతానికి చేరింది. అందులో ఎవరికెంత అనేదానికి మస్టర్లతో లంకె ఉంది. అయినా ప్లే డే, అంటే ఆదివారం, మర్నాడు మస్టర్లు పలచబడుతూనే ఉంటాయి. జీతాలు పడ్డాక పలచబడతాయి. నాట్లప్పుడు, పెళ్లిళ్లప్పుడు, రెండేళ్లకోసారి మేడారం జాతరప్పుడు సరేసరి.

భయం, బుజ్జగింపు, ఆశ... ఈ మూడూ కార్మికుడి మీద పనిచేసే మందులు. అతను రానంటున్న చోటు ఎలా ఉందన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న కౌన్సెలింగ్ గదిలో కన్నా గేటు మీటింగుల్లో ఎక్కువ వినిపిస్తుంటుంది.

హైటెక్ సిటీకీ అదే జబ్బు

అమెజాన్ కంపెనీ 2019లో హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో పెద్ద క్యాంపస్ తెరిచింది. తొమ్మిదిన్నర ఎకరాల స్థలం, 15 వేల మంది కూర్చునే వీలు. సొంత భవనాల్లో ప్రపంచంలోనే తమకిది అతి పెద్దదని అప్పట్లో ఆ సంస్థ గొప్పగా చెప్పుకుంది. కొద్ది నెలలకే కరోనా వచ్చిపడింది. ఎంత అందమైన ఆఫీసైనా తాళం పడింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తమ ఊళ్లలో, అమ్మ చేతి వంట తింటూ, డాబా మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేయడం మరిగారు. రెండేళ్ల తర్వాత రండర్రా అంటే వచ్చేవాళ్లు తక్కువ, సాకులు చెప్పేవాళ్లు ఎక్కువ! అప్పట్నుంచీ ఆఫీసుల్ని అందంగా దిద్దే హడావిడి మొదలైంది. మెత్తటి కుర్చీలు, మొక్కలు, ఆటల గదులు, కునుకు తీయడానికి మూలన చిన్న గది... ఏం పెడితే వస్తారా అని కంపెనీలన్నీ బుర్రలు బద్దలు కొట్టుకున్నాయి. ఇంతా చేసి రానంటున్నవాళ్లు ఎక్కువగా చెప్పే కారణం ఆఫీసు లోపల ఉండదు. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఉంటుంది.

అదే 2020 ఏప్రిల్‌లో సింగరేణి భూగర్భ గనులకు లే-ఆఫ్ ప్రకటించారు. ఓపెన్‌కాస్టులు మాత్రం నడిచాయి. కరెంటుకు బొగ్గు కావాలి మరి. సాఫ్ట్‌వేర్ కుర్రాడి డాబా మీది ల్యాప్‌టాప్ వెలగాలన్నా రామగుండం ఎన్టీపీసీలో బాయిలర్ మండాల్సిందే. బొగ్గుకు వర్క్ ఫ్రమ్ హోమ్ లేదు.

అలాగని రెండూ ఒకటేనని కాదు. ఏసీ గదిలో కుర్చీ నచ్చలేదనడానికీ, పైకప్పు కూలే భయంతో గనిలోకి దిగడానికీ పోలిక పెట్టడం పాపమే. అయితే ఒక్క సంగతి మాత్రం రెండుచోట్లా కలుస్తుంది. పని కంటే ముందు పనికి వెళ్లే దారే మనిషిని అలసగొడుతుంది.

దిగితే అరవై అంతస్తులు!

రామగుండం ప్రాంతంలో 1960ల నుంచీ తవ్విన గనుల్లో చాలా వాటికి ‘ఇంక్లయిన్’ అని పేరు. అంటే నిట్టనిలువుగా కాకుండా ఏటవాలుగా భూమిలోకి దిగే దారి. యైటింక్లయిన్ కాలనీ పేరు కూడా ఎనిమిదో నంబరు ఇంక్లయిన్ నుంచి వచ్చిందే. అయిదు మీటర్లు నడిస్తే మీటరు కిందికి దిగే వాలు అనుకుందాం. ఒక కిలోమీటరు నడిచేసరికి దాదాపు 200 మీటర్లు దిగినట్టు. అరవై అంతస్తుల భవనమంత లోతు. ఆ దారీ చదునుగా ఉండదు. పక్కనే టబ్బుల పట్టాలు, కాళ్లకింద నీళ్లు, బురద. తలమీద క్యాప్‌ల్యాంప్ వెలుగు పడినంత మేరే లోకం. అక్కణ్నుంచి పని జరిగే చోటుకు లోపల మళ్లీ నడక.

దిగడం ఒక ఎత్తు. షిఫ్టంతా పనిచేసి, చెమటకు తడిసిన బట్టలతో, బరువైన బూట్లతో ఆ అరవై అంతస్తులూ మళ్లీ ఎక్కిరావాలి! యాభై దాటిన కార్మికుడి మోకాళ్లను అడిగితే నాగా ఎందుకు పెట్టాడో అవే చెబుతాయి. ఇలాంటి మనిషికి మస్టరు పోయిన రోజున ‘తాగి పడుకున్నాడు’ అని రాసేయడం తేలిక. తాగేవాళ్లు లేరని కాదు. ఒళ్లు నొప్పులకు తాగడం మొదలుపెట్టి, తాగడం వల్ల నాగాలు పెట్టేదాకా వచ్చినవాళ్లూ ఉన్నారు. మొదటిది ఎక్కడ మొదలైందో చూడకుండా రెండోదాన్నే పట్టుకుంటే లాభమేముంది?

అందుకే ఈ గనుల్లోకి వచ్చిన యంత్రాలన్నింటిలోనూ కార్మికులు మనసారా మెచ్చుకున్నది ‘మ్యాన్ రైడింగ్’. ఇది తవ్వే యంత్రం కాదు, బొగ్గు మోసేదీ కాదు. మనుషుల్ని మోసేది. ఆగకుండా తిరిగే ఉక్కు తాడుకు వరసగా చిన్న చిన్న సీట్లు వేలాడుతుంటాయి. వచ్చే సీటు మీద కాళ్లు అటూ ఇటూ వేసి కూర్చుంటే, అది గాల్లో తేలుతున్నట్టు వాలు వెంట దిగిపోతుంది. కొండల మీది గుళ్లకు తీసుకెళ్లే రోప్‌వే చూశారుగా... దానికి తమ్ముడనుకోండి. పైకి వచ్చేటప్పుడూ అంతే. మనిషి పని దగ్గరికి అలసిపోకుండా చేరతాడు. కంపెనీకీ లాభమే. నడకకు పోయే సమయం పనికి మిగులుతుంది.

ఇంకా వెనక్కు వెళ్తే, తట్టా చెమ్మాస్ పని. చెమ్మాస్‌తో బొగ్గును తట్టకెత్తి, తట్టను నెత్తికెత్తుకుని టబ్బు నింపే రోజులవి. పాత తరం కార్మికులు మెడ నరాల నొప్పితో పెన్షన్ పుచ్చుకున్నారు. తర్వాత ఎస్‌డీఎల్ యంత్రాలు, కంటిన్యూయస్ మైనర్లు, 2014లో అడ్రియాలలో భారీ లాంగ్‌వాల్ వచ్చాయి. నడుము మీద భారం తగ్గింది. అదే సమయంలో మనుషులూ తగ్గారు. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి ఉద్యోగులు ఇప్పుడు సుమారు నలభై వేలు. పదిమంది చేసే చోట ముగ్గురున్నప్పుడు ఒక్కరి నాగా యంత్రాన్నే ఆపేయగలదు. గని ఎలా ఉందన్న ప్రశ్నకు ఇప్పుడు విలువ పెరగడానికి ఇదో కారణం.

తడిగుడ్డ చెప్పే నిజం

ఎండాకాలంలో రామగుండం ఎలా ఉంటుందో తెలుగునాట చెప్పక్కర్లేదు. 45 డిగ్రీలు దాటడం మామూలే. భూగర్భంలో ఎండ ఉండదుగా అనుకుంటాం. ఎండ ఉండదు కానీ ఉక్క ఉంటుంది. లోతుకు వెళ్లేకొద్దీ రాయే వేడెక్కుతుంది. పైగా యంత్రాల వేడి, నీటి ఆవిరి. చెమట పడుతుంది, ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది.

దీన్ని కొలవడానికో చిన్న ఉపాయం ఉంది. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగిలేలా పెడతారు. చెమట పట్టిన ఒంటికి ఎంత చల్లదనం దక్కుతుందో అది చెబుతుంది. ఆ తడిగుడ్డ ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదని బొగ్గు గనుల నిబంధనలు చెబుతాయి. 30.5 దాటితే అక్కడ గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో వీయాలి. వినడానికి పొడిపొడి అంకెలు! కానీ, ఫ్యాన్ లేని పెళ్లి పందిట్లో ముహూర్తందాకా కూర్చున్నవాళ్లెవరికైనా ఈ అంకెల అర్థం తెలుసు. ఆ పందిట్లో కూర్చోవడం కాదు, ఇనుప దిమ్మెలెత్తమంటే?

మామూలు లోతుల్లో పైన బిగించిన భారీ ఫ్యాన్లు గాలిని లాగి గనంతా తిప్పుతాయి. మరీ లోతుకు పోతే గాలిని చల్లబరిచి మరీ పంపాలి. నాలుగు కిలోమీటర్ల దాకా దిగే దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో రాయి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. అక్కడ ఏకంగా మంచు ముక్కలు కలిపిన నీళ్లను కిందికి పంపుతారు. మన బొగ్గు అంత లోతున లేదు. అయినా పైపైన ఉన్న బొగ్గంతా తీసేశాక మిగిలింది లోతుదే కాబట్టి, ‘గాలి ఆడటం లేదు’ అన్న ఫిర్యాదు ముందుముందు పెరిగేదే తప్ప తగ్గేది కాదు.

ఓపెన్‌కాస్టుల కథ ఇంకోలా ఉంటుంది. నెత్తిమీద సూర్యుడు, చుట్టూ నల్లటి బండ. వేసవిలో మజ్జిగ ప్యాకెట్లు పంచుతారు. కొత్త డంపర్లకు ఏసీ క్యాబిన్లున్నాయి. బయటివాళ్లకు అది విలాసంలా కనిపిస్తుంది. ఇంటి ఎత్తున కూర్చుని వంద టన్నుల మట్టి మోసే బండిని ఎనిమిది గంటలు నడిపే ఆపరేటర్‌కు రెప్ప పడితే ఏమవుతుందో ఊహించుకుంటే అందులో విలాసమెంతో తెలుస్తుంది. ఆ ఏసీ పాడైతే బాగుచేయించడానికి ఎన్ని రోజులు పడుతుందన్నదాన్ని బట్టే ఆ ఓపెన్‌కాస్టులో మనిషికి ఎంత విలువుందో చెప్పేయొచ్చు.

పాతాళంలో సున్నం

ఆఫీసును ఆకర్షణీయంగా చేయడమంటే మొదట గుర్తొచ్చేది రంగులు. గనిలో రంగులేమిటి, అంతా నలుపేగా? నిజానికి గనిలోనూ వెల్ల వేస్తారు! మనుషులు నడిచే దారులు, మలుపులు, కూడళ్లు, ఇంజిన్ గదులు, ప్రథమ చికిత్స చేసే చోట్లు... వీటి కప్పుకూ గోడలకూ సున్నం కొట్టాలని నిబంధనల్లోనే ఉంది. కొద్దిపాటి దీపం వెలుగు కూడా తెల్లగోడ మీద పడి రెట్టింపవుతుంది. పగుళ్లుంటే కళ్లకు తెలుస్తాయి. సున్నపురాయి పొడి కూడా చల్లుతారు. గాల్లో లేచే బొగ్గు ధూళి అంటుకోకుండా అది ఆపుతుంది. కన్నుకు హాయినిచ్చేదీ ప్రాణం కాపాడేదీ ఒకటే కావడం గనిలోనే చూస్తాం.

వెలుగుకూ పనికీ ఉన్న సంబంధం మీద అమెరికాలో షికాగో దగ్గరి హాథార్న్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా ప్రయోగాలు జరిగాయి. దీపాలు పెంచితే ఉత్పత్తి పెరిగిందట, తగ్గించినా పెరిగిందట! ఎవరో తమను పట్టించుకుంటున్నారన్న సంతోషంతోనే పెరిగిందని మేనేజ్‌మెంట్ పుస్తకాలు చాలాకాలం చెప్పుకొచ్చాయి. తర్వాతి పరిశోధకులు ఆ లెక్కల్ని తిరగేసి, అంత గొప్ప ఫలితమేమీ లేదని తేల్చారు. ఏదేమైనా గనిలో దీపం తగ్గించి చూసే సరదా ఎవరూ చేయకూడదు.

భద్రత మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో పైకప్పు కూలి మరో పదిమంది పోయారు. 2022 మార్చిలో అడ్రియాలలో జరిగిన ప్రమాదం అధికారుల్నీ మింగింది. ఇలాంటి వార్త వచ్చిన మర్నాడు షిఫ్టుకు బయల్దేరే మనిషినీ, గుమ్మందాకా వచ్చి నిలబడే ఇల్లాలినీ తలచుకుంటే, తక్కిన సౌకర్యాలన్నీ ఈ ఒక్కదాని తర్వాతేనని తెలుస్తుంది. కప్పుకు వేసే బోల్టు, నీటి గోడకు వదిలే మందం, గాలిలో గ్యాసు ఎంతుందో చూపే మిషన్... ‘రమ్మని పిలిచే ఆఫీసు’ అక్కడ మొదలవుతుంది.

స్నానం ఎక్కడ చేయాలి?

బొగ్గు మసితో నల్లగా ఇంటికొచ్చిన నాన్నను గుర్తుపట్టక జడుసుకున్న పిల్లల కబుర్లు ఖనిలో ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి. కళ్లు, పళ్లు తప్ప మరేం కనిపించదు. వాకిట్లో గంగాళం, వేడినీళ్లు, సబ్బు బిళ్ల. ఆ బట్టలు ఉతకడం ఇల్లాలి పని. నీళ్లు రెండ్రోజులకోసారి వచ్చే ఎండాకాలంలో ఆ పని ఎలా ఉండేదో వాళ్లనే అడగాలి.

సరిగ్గా ఇదే గోడు వందేళ్ల క్రితం బ్రిటన్‌లో వినిపించింది. అక్కడా గని కార్మికుడు మసితోనే ఇంటికొచ్చి, పొయ్యి ముందు రేకు తొట్టిలో స్నానం చేసేవాడు. ఇంట్లో ముగ్గురు నలుగురు గనికి వెళ్తుంటే, వేర్వేరు షిఫ్టుల్లో వస్తుంటే, ఆడవాళ్లు రోజంతా నీళ్లు కాచడం, మోయడమే. ఆ బరువులకు గర్భాలు పోయేవి. వేడినీళ్లు ఒలికి పిల్లలు కాలిపోయేవారు. 1919లో బొగ్గు పరిశ్రమ మీద వేసిన శాంకీ కమిషన్ ముందుకు వేల్స్‌కు చెందిన ఎలిజబెత్ ఆండ్రూస్ వెళ్లి, ఈ కష్టమంతా విప్పి చెప్పింది. గని దగ్గరే స్నానశాలలు కట్టమని అడిగింది. తానూ గని ఇంటి ఆడబడుచే. గని ఎలా ఉండాలో చెప్పడానికి గనిలోకి దిగని ఆడవాళ్లు వెళ్లడం అప్పట్లో పెద్ద వింత.

మరుసటి ఏడాదే చట్టం వచ్చింది. తవ్విన ప్రతి టన్ను బొగ్గుకూ ఒక పెన్నీ చొప్పున సంక్షేమ నిధికి జమ చేయాలన్నారు. 1926లో స్నానశాలల కోసమే బొగ్గు రాయల్టీ మీద విడిగా మరో పన్ను వేశారు. ఆ డబ్బుతో కొన్ని వందల స్నానశాలలు లేచాయి. వాటిని గీసింది పేరుకు గీసే కాంట్రాక్టర్లు కాదు, అందుకోసమే నియమించుకున్న ఆర్కిటెక్టులు. పెద్ద పెద్ద కిటికీలు, తెల్లటి పలకలు, ధారాళంగా వెలుతురు. అన్నిటికన్నా తెలివైనది లోపలి నడక. షిఫ్టు దిగిన కార్మికుడు ముందు మురికి బట్టల గదిలోకి వెళ్తాడు. అక్కడి బీరువాలో పని దుస్తులు పెడతాడు. మధ్యలో జల్లు స్నానాలు. అవతలి గదిలో శుభ్రమైన బట్టల బీరువా. అటు నుంచి అటే ఇంటికి. బీరువాల్లోకి వేడిగాలి పంపేవారు కాబట్టి మర్నాటికి పని బట్టలు పొడిగా ఉండేవి. బూట్లు తోమే బ్రష్‌లు, నీళ్ల సీసా నింపుకునే కొళాయి, క్యాంటీన్ అన్నీ నడిచే దారిలోనే. మసి మనిషి ఒకవైపు లోపలికెళ్తే దొరబాబులాంటి మనిషి ఇంకోవైపు బయటికొచ్చేవాడన్నమాట.

తమాషా ఏమిటంటే మొదట్లో కొందరు కార్మికులే వద్దన్నారు. వీపు కడిగితే నడుము బలం పోతుందని వాళ్ల నమ్మకం! తర్వాత అవే గనికి గర్వకారణమయ్యాయి. వేల్స్‌లోని బిగ్ పిట్ గని దగ్గర 1939లో తెరిచిన స్నానశాల ఇప్పుడు మ్యూజియంలో భాగం. జర్మనీలో ఇంకా చవకైన ఉపాయం పన్నారు. ఒక్కొక్కరికీ ఒక కొక్కెం, ఒక గొలుసు. బట్టలు తగిలించి గొలుసు లాగితే అవి హాలు కప్పుదాకా పోయి అక్కడి వెచ్చని గాలికి ఆరుతుంటాయి.

మన దేశంలోనూ బొగ్గు గనుల స్నానశాలల మీద 1946లోనే నియమాలొచ్చాయి. 1959లో వాటి స్థానంలో కొత్తవి చేశారు. కాగితం మీద మనం బ్రిటన్‌కు పెద్దగా వెనకబడి లేం. తేడా అంతా ఆ గదిని గీసినవారు దాన్ని ఎవరి కోసం గీశారన్నదే. తలుపు గొళ్లెం పడని, నీళ్లు రాని, తడి బూట్లు పెట్టుకునే చోటు లేని స్నానాల గది ఉన్నా లేనట్టే. దానికన్నా ఇల్లే నయమనుకుంటాడు మనిషి.

క్యాంటీన్ సంగతీ అంతే. 250 మందికి మించి పనిచేసే గనికి క్యాంటీన్, 50 మంది దాటితే అన్నం తినడానికీ నడుం వాల్చడానికీ నీడ, తలకు కనీసం రెండు లీటర్ల మంచినీళ్లు అని పాత గనుల నియమాలు రాశాయి. ఆ చట్టాల స్థానంలో కొత్త కోడ్‌లు వచ్చాయి కానీ, మనిషికి కావాల్సినవి మారలేదు కదా! ఉప్మాలో ఉప్పు ఎక్కువైందని, కూలర్ పనిచేయడం లేదని గేటు మీటింగుల్లో గొడవ జరిగితే బయటివాళ్లకు చిల్లరగా కనిపిస్తుంది. ఎనిమిది గంటల చీకటికి అటూ ఇటూ దొరికే వెలుతురు ఆ క్యాంటీన్ బల్ల మీదే కదా. కబుర్లు, చందాలు, పెళ్లి పిలుపులు, యూనియన్ రాజకీయాలు అన్నీ అక్కడే. చాలామంది బాయికి ‘మనుషుల కోసం’ కూడా వస్తారు. హైటెక్ సిటీ ఆర్కిటెక్టులు ఇప్పుడు లక్షలు పోసి కట్టాలని చూస్తున్నది ఇలాంటి కూడలినే.

బీటెక్ కొడుకు... బాయి కూతురు

ఇప్పుడు గనిలో తరం మారుతోంది. అనారోగ్యంతో అన్‌ఫిట్ అయిన తండ్రుల స్థానంలో పిల్లలు చేరుతున్నారు. వాళ్లలో బీటెక్‌లు, ఎంబీఏలు కోకొల్లలు. ఉద్యోగం మాత్రం బదిలీ వర్కర్ నుంచే మొదలు. హైదరాబాద్‌లో గాజు మేడల ఆఫీసులో ఇంటర్వ్యూకి వెళ్లొచ్చిన కుర్రాడే మర్నాడు క్యాప్‌ల్యాంప్ పెట్టుకుని ఇంక్లయిన్ దిగుతాడు. తండ్రి ‘బాయంటే ఇంతే’ అనుకున్నవన్నీ అతనికి ప్రశ్నలే. మంచినీళ్లెందుకు ఇలా ఉన్నాయి? బట్టలు మార్చుకునే గదికి తలుపేది? అతను నాగా పెడితే సోమరి అనేస్తాం. ఉపరితలంలో పని ఇమ్మని ఆఫీసుల చుట్టూ తిరిగితే పైరవీ అంటాం. అడుగుతున్నవాటిలో సగం 1950ల చట్టంలోనే ఉన్నాయని మాత్రం గుర్తుండదు.

ఆడపిల్లల సంగతి మరీ ముఖ్యం. గనుల చట్టం మహిళల్ని భూగర్భంలోకి రానిచ్చేది కాదు. 2019 జనవరిలో కేంద్రం ఆ నిషేధాన్ని సడలించింది. ఉదయం ఆరు నుంచి రాత్రి ఏడు దాకా సాంకేతిక, పర్యవేక్షక, మేనేజరు హోదాల్లో వాళ్లు కిందికి దిగొచ్చని అప్పట్లో చెప్పింది. వాళ్ల అంగీకారం ఉంటే ఉపరితలంలో రాత్రి షిఫ్టు కూడా చేయొచ్చంది. కారుణ్య నియామకాల్లో వచ్చిన ఆడవాళ్లు ఇప్పటికే ఆఫీసుల్లో, స్టోర్లలో, వర్క్‌షాపుల్లో పనిచేస్తున్నారు. మగవాళ్ల కోసమే కట్టిన గని ఆవరణలో వాళ్లకు మొదట ఎదురయ్యే సమస్య పని కాదు, మరుగుదొడ్డి. దాని తర్వాత బట్టలు మార్చుకునే గది, పాలు తాగే బిడ్డ ఉంటే ఆ బిడ్డ ఉండే చోటు. మరుగుదొడ్డి దూరమని పొద్దుట్నుంచి నీళ్లు తాగకుండా షిఫ్టు గడిపితే ఆ 45 డిగ్రీల ఊళ్లో ఆరోగ్యం ఏమవుతుందో డాక్టర్లను అడగక్కర్లేదు.

గమ్మత్తేమిటంటే గనుల్లో ఆడవాళ్ల కోసమంటూ చేసిన మార్పులు మగవాళ్లకూ సుఖాన్నిస్తాయి. గొళ్లెం పడే తలుపు, ఆరిన నేల, వెలిగే బల్బు, మూతున్న చెత్తడబ్బా అందరికీ కావాల్సినవే. యాభై ఏళ్లుగా మగవాళ్లు మొహమాటంతోనో, అలవాటుతోనో అడగనివాటిని ఆడపిల్లలు వచ్చీ రాగానే అడుగుతున్నారు. ఎలిజబెత్ ఆండ్రూస్ కమిషన్ ముందు నిలబడి అడిగినట్టే! ఈసారి అడుగుతున్నది ఇంట్లో నీళ్లు కాచే ఇల్లాలు కాదు, మస్టరు పుస్తకంలో సంతకం పెట్టే ఉద్యోగి.